డ్రమ్ముల వెనక ఎవరూ లేరు

పోయిన వేసవిలో మా బ్యాండు పాత పాటలన్నీ కొత్త హంగులతో ఇంటర్నెట్లో విడుదలయ్యాయి. వాటిలో నేను లేను.

ఫొటోలో లేకపోవడం, పేరు మరిచిపోవడం నాకు అలవాటే. ఈసారి పాటల్లోనే లేను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పాటలకి డ్రమ్స్ వాయించింది నేను. పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, ఫోను పోపుల డబ్బాకి ఆనించి మొదటి పాట నొక్కాను. మా అన్నయ్య గిటారు వచ్చింది. ఆ వెనకే నేను రావాలి. ఇంకెవరో వచ్చారు. కాదు, అసలు ఎవరూ రాలేదు. కంప్యూటర్లో అచ్చు గుద్దిన దెబ్బలు, ఒకే కొలత, ఒకే బరువు, ప్లాస్టిక్ బకెట్ మీద వాన పడుతున్నట్టు. పాట తర్వాత పాట అలా నిలబడే విన్నాను. అన్నయ్య వేళ్ళు ఉన్నాయి, గాయకుడి గొంతు ఉంది, అడుగున బేసు గిటారు ఉంది. నా చేతులు మాత్రం ఒక్క పాటలోనూ లేవు. పులుసు అడుగంటిపోయింది.

"కోపం చల్లారాక రాద్దువుగానిలే" అన్నారు మావారు. చల్లారాక రాస్తే ఇదంతా తీపి జ్ఞాపకాలైపోతుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది అమలాపురం. నాన్న హైస్కూల్లో హెడ్మాస్టరు, అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా తాత మాత్రం పరాయి చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి. ఊళ్ళో చావైనా, చాటింపైనా డప్పు ఆయన భుజానికి ఎక్కాల్సిందే. కొట్టనంటే కుదిరేది కాదు. నాన్న మిషను బడిలో చదువుకుని, దీపం బుడ్డి దగ్గర పరీక్షలు రాసి, ఆ డప్పుని ఇంటి గడప దాటించేశారు. మా చర్చిలో డోలక్ ఉండేది. మేము చిన్నప్పుడు దాని వైపు చెయ్యి చాపితే నాన్న కళ్ళతోనే ఆపేసేవారు.

అన్నయ్య విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతూ గిటారు నేర్చుకుని వచ్చాడు. దాంతోపాటు ఇంగ్లీషు రాక్ పాటల క్యాసెట్లు సంచీ నిండా తెచ్చాడు. ఇలాంటివి మన ఊళ్ళ గురించి, మన తెలుగులో మనమే ఎందుకు కట్టుకోకూడదని వాడి పట్టుదల. వాడితో చదువుకున్న స్నేహితుడొకాయన ముక్తేశ్వరంలో కొబ్బరితోటల ఆసామి కొడుకు. గొంతు ఆయనది. ఎంత కోపంలో ఉన్నా ఒకటి ఒప్పుకుంటాను, అలాంటి గొంతు మళ్ళీ వినలేదు. అన్నయ్య స్నేహితుడు కాబట్టి నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు. బేసు గిటారు వాయించే ఆయన రాజోలులో బ్యాంకు గుమస్తా. రోజంతా కలిసి ఉన్నా నాలుగు మాటలు దాటనివాడు. డ్రమ్స్‌కి కుదిరినతను రిహార్సల్స్ మొదలైన కొత్తల్లోనే వీసా వచ్చి మస్కట్ వెళ్ళిపోయాడు. అతని డ్రమ్స్ మా ఇంటి వెనక గదిలో మిగిలిపోయాయి.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. రిహార్సల్స్ గోడ అవతల నుంచి వినీ వినీ, ఏ పాటలో ఎక్కడ దెబ్బ పడాలో నాకు కంఠతా వచ్చేసింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరనుకుని ఆ స్టూలు మీద కూర్చున్నాను. వాయించి తలెత్తేసరికి గుమ్మంలో అన్నయ్య ఉన్నాడు.

"మళ్ళీ వాయించు" అన్నాడు.

ఆ వారమే నేను బ్యాండులో చేరాను. నాన్నకి తెలిసిన రోజు ఆయన కేకలేమీ వేయలేదు. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మీ తాత భుజం మీంచి దాన్ని దింపడానికి ఒక జీవితం పట్టింది. నువ్వు మళ్ళీ ఎత్తుకుంటున్నావా?"

"ఇది వేరు నాన్నా. ఇది డ్రమ్స్."

"దెబ్బ దెబ్బే" అన్నారు ఆయన. ఆ తర్వాత ఆ విషయం నాతో మాట్లాడటం మానేశారు. వద్దనలేదు. వద్దని ఉంటే తిరిగి పోట్లాడేదాన్ని.

మా మొదటి కచేరీ రాజోలు దగ్గర ఒక కాలేజీ వార్షికోత్సవంలో. మా వైపు 'రికార్డింగ్' అనే మాటకి ఆ రోజుల్లో వేరే అర్థం ఉండేది. తీర్థాల్లో సినిమా పాటలు పెట్టి ఆడపిల్లల్ని ఆడించే డాన్సుల్ని రికార్డింగ్ డాన్సులు అనేవారు. స్టేజీ మీద ఆడపిల్ల కనబడగానే జనానికి అదే తోచింది. పంజాబీ డ్రెస్సులో వెనక కూర్చున్న నన్ను చూసి ఈలలు మొదలయ్యాయి.

"ఏవమ్మాయ్, ఎంతసేపు కూర్చుంటావు? లేచి ఆడు!"

"రికార్డు వెయ్యండ్రా!"

బేసు ఆయన నేల చూస్తున్నాడు. నేను ఎవరి సైగకీ ఎదురు చూడకుండా మొదలుపెట్టేశాను. ఆ రోజు అంత గట్టిగా ఎలా కొట్టానో నాకే తెలీదు, పుల్లల్లో ఒకటి మొదటి పాటలోనే విరిగింది. రెండో పాటకి ఈలలు ఆగాయి. నాలుగో పాటకి కుర్రాళ్ళు బెంచీల మీద నాతో పాటు దరువు వేస్తున్నారు. అందరూ దాన్ని మా విజయం అన్నారు. నాకు మాత్రం ఆ కుర్రాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పిలిచి చెంప మీద కొట్టాలనిపించింది.

చివర్లో గాయకుడు అందర్నీ పరిచయం చేశారు. నా దగ్గరకి వచ్చేసరికి ఉత్సాహంగా మైకులో అన్నారు, "డ్రమ్స్ మా చెల్లెమ్మండీ! వాళ్ళకిది నేర్పక్కర్లేదండీ, రక్తంలోనే ఉంది!"

జనం చప్పట్లు కొట్టారు. అన్నయ్య గిటారు తీగ మీద వేలు అలాగే ఆగిపోవడం చూశాను. వ్యాన్‌లో తిరిగి వస్తూ అడిగేశాను. "రక్తంలో ఉందంటే ఏవిటండీ అన్నయ్యగారూ?"

"అదేంటి చెల్లెమ్మా, పొగిడేను కదా!"

ఆయన నిజంగానే పొగిడాననుకున్నారు. అదే నా బాధ. అన్నయ్య నా మోచెయ్యి పట్టుకుని, "వదిలెయ్" అన్నాడు. అన్నయ్యకి ఆ మాట బాగా అలవాటు. వదిలెయ్, పోనీలే, ఇప్పుడెందుకు. ఇంటి వెనక గదిలో చెమటోడ్చి నేను నేర్చుకున్నది ఏదీ ఆయన లెక్కలో లేదు. చేతులు బొబ్బలెక్కి, కొబ్బరినూనె రాసుకుని, గుడ్డ చుట్టుకుని మళ్ళీ వాయించిన సంగతి ఆ రక్తానికి తెలుసా?

తర్వాతి ఏడాది గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంక గ్రామాల వాళ్ళకి పెట్టిన శిబిరంలో అమ్మకి డ్యూటీ పడితే సాయంగా నేనూ వెళ్ళాను. ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు పేర్చి జనం కాపలా ఉన్నారు. అక్కడ ఒక ముసలామె ఖాళీ నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని నీటిలో పాతిన కర్రకేసి చూస్తూ కూర్చునేది. నీళ్ళు పెరిగితే కొట్టేది. రెండు దెబ్బలు, ఆగేది, మూడు దెబ్బలు. ఆ ఆగడంలోనే అందరూ ఊపిరి బిగబట్టేవారు. నీళ్ళు ఇంకా పెరుగుతుంటే ఆ ఆగడం పొట్టిదైపోయేది. ఇంటికొచ్చి ఆ వరస అన్నయ్యకి వాయించి చూపించాను. వాడు దాని మీద వరద పాట కట్టాడు. మా పాటల్లో జనం ఎప్పుడూ అడిగేది ఆ పాటే. కచేరీలో నేను ఆ రెండు దెబ్బలు వేసి ఆగగానే మైదానమంతా కిక్కురుమనకుండా అయిపోయేది.

ఆ పాటతోనే మా మొదటి క్యాసెట్టు రికార్డు చేయడానికి కాకినాడ వెళ్ళాం. ముక్తేశ్వరం రేవులో డ్రమ్స్ పంటు మీదకి ఎక్కించి గోదావరి దాటించాం. పంటు ఊగినప్పుడల్లా పెద్ద డ్రమ్ము దొర్లిపోకుండా నేను దాని మీద వాలి కూర్చున్నాను. పాల క్యాన్లు, మోటారు సైకిళ్ళ మధ్య మమ్మల్ని చూసి, "ఎవరింట్లో పెళ్ళండీ?" అని అడిగారు. బ్యాండంటే పెళ్ళి మేళమే కదా.

స్టూడియో అంటే మేడ మీద ఒక గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి. అక్కడి సౌండు ఇంజనీరు నన్ను చూసి, నాతో కాక అన్నయ్యతో మాట్లాడాడు.

"అమ్మాయిగారు వాయిస్తారాండీ? ఆడోళ్ళ దెబ్బకి టేపులో పట్టు రాదండీ. మా దగ్గర మంచి కుర్రోడున్నాడండి. కబురంపితే వచ్చేస్తాడు."

గాయకుడు నా వైపు తిరిగారు. "ఈ ఒక్కసారికీ పోనీ చెల్లెమ్మా. ఎంతైనా రికార్డింగు కదా. కచేరీల్లో ఎలాగూ నువ్వే."

అన్నయ్య తంత్రులు సవరించుకుంటున్నాడు. వాడి తల లేవలేదు. నేను స్టూలు మీద కూర్చుని పుల్లలు తీశాను.

"పిలవండి మీ కుర్రాడిని. నేను లేచేదాకా ఆ మూల నిలబడతాడు. నేను లేవను."

ఇంజనీరు నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. మైకులు తక్కువ కాబట్టి అందరం ఒకేసారి వాయించాలి, ఎవరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. వరద పాటలో గాయకుడు రెండుసార్లు తప్పారు, అన్నయ్య ఒకసారి తప్పాడు. నేను తప్పలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. నేను తప్పితే ఏమంటారో నాకు తెలుసు, అందుకని తప్పే వీలు నాకు లేకపోయింది. మిగిలిన ముగ్గురికీ ఆ వీలు ఉంది.

క్యాసెట్టు వచ్చాక అట్ట మీద మూడు ఫొటోలు ఉన్నాయి. నా ఫొటో లేదు, పేరూ లేదు. కింద చిన్న అక్షరాల్లో "వాద్య సహకారం: మిత్రబృందం" అని ఉంది.

"పెళ్ళి కావలసిన పిల్లవి. నీ ఫొటో ఊరూరా షాపుల్లో వేలాడితే మీ ఇంట్లో బాధపడతారేమోనని..." అన్నారు గాయకుడు.

"మా ఇంట్లో ఎవరిని అడిగారండీ?"

ఎవర్నీ అడగలేదు. మా అమ్మనడిగితే ఏం చెప్పేదో నాకు తెలుసు, ఎందుకంటే ఆ అట్ట చూసి అమ్మే ముందు మండిపడింది. "మిత్రబృందవా? నా కూతురు ఒక్కత్తే కదరా వాయించింది!" అని అన్నయ్యని నిలదీసింది. అన్నయ్య యథాప్రకారం, "వదిలెయ్యమ్మా" అన్నాడు.

వదిలేసి వెళ్ళిపోలేదేం అని మీరు అడగొచ్చు. వాయించడం ఇష్టం కాబట్టి. వేరే బ్యాండు ఏదీ లేదు కాబట్టి. నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. మావారు కాలేజీలో ఫిజిక్సు చెబుతారు, పెళ్ళిచూపుల్లోనే, "వరద పాటలో డ్రమ్స్ మీరేనటగా?" అని అడిగిన ఒకే ఒక్క మనిషి. పాప కడుపులో ఉన్నప్పుడు కూడా స్టూలు కొంచెం వెనక్కి జరుపుకుని వాయించాను. కాలేజీలు, క్రిస్మస్ కార్యక్రమాలు, అప్పనపల్లి వైపు ఒక పెళ్ళి, జొన్నాడలో హైవే పక్కన వానలో తడిసిన ఒక కచేరీ. కొత్తపేటలో వరద బాధితుల కోసం చేసిన కచేరీని మైక్‌సెట్టు వాళ్ళు టేపులో పట్టారు, అదే మా రెండో క్యాసెట్టు అయింది. సీడీల రోజుల్లో హైదరాబాదులో మూడోది చేశాం. అక్కడ ఎవరి గదిలో వాళ్ళు, చెవుల్లో టిక్కుటిక్కుమనే శబ్దం వింటూ విడివిడిగా వాయించాలి. అదీ నేర్చుకున్నాను.

కొత్తపేట కచేరీకి నాన్న వచ్చారు. నాకు చెప్పలేదు. వెనక షామియానా గుంజ దగ్గర నిలబడి విని, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయారట. మర్నాడు కాఫీ తాగుతూ, "ఆఖరి పాటలో కొంచెం తొందరపడ్డావు" అన్నారు. నిజమే, తొందరపడ్డాను. ఇన్నేళ్ళలో నా వాయింపు గురించి ఎవరైనా అన్న సరైన మాట అదొక్కటే. ఇప్పుడాయన లేరు.

ఇదీ ఆ పాటల వెనక ఉన్నది. ఇదంతా తీసేసి బకెట్ మీద వాన పెట్టారు.

పులుసు గిన్నె సింకులో పడేసి గాయకుడికి ఫోను చేశాను. ఆయన గొంతులో పండగ.

"విన్నావా చెల్లెమ్మా? మావాడు హైదరాబాదులో కూర్చుని అంతా శుభ్రం చేసేడు. ఎంత బాగుందో కదా!"

"డ్రమ్స్ ఏమయ్యాయండీ?"

"పాత టేపుల్లో బుసబుస వచ్చేస్తుందని, కంప్యూటర్లో దేనికది విడదీసి డ్రమ్స్ మార్చేడు. ఇప్పటివాళ్ళ చెవికి ఆగాలి కదమ్మా."

"మీ గొంతు మార్చలేదేం? అదీ ఆ టేపులోదే కదా?"

"గొంతు మారిస్తే పాట మారిపోదూ" అన్నారు.

వరద పాటలో ఆ ఆగడం కూడా లేదని చెప్పాను. ఖాళీగా ఉందని అక్కడేదో నింపాడట వాళ్ళబ్బాయి. ఫోను గోడకేసి కొట్టకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. ఆయన బుజ్జగించారు. శీతాకాలంలో అమలాపురం కాలేజీ పూర్వ విద్యార్థుల సభ ఉంది, మన బ్యాండుకి సన్మానం, పెద్ద కచేరీ. "స్టేజీ మీద నువ్వు వాయిస్తుంటే అందరూ చూస్తారు కదా. అవన్నీ మనసులో పెట్టుకోకు."

సరే, అక్కడ వాయించి చూపిస్తాననుకున్నాను. రోజూ బడి నుంచి రాగానే సాధన చేశాను. మణికట్లకి కట్లు కట్టుకున్నాను. పక్కింటివాళ్ళు పిల్లల పరీక్షలని కిటికీలు మూసుకున్నారు.

సభ రోజు మధ్యాహ్నం స్టేజీ మీదకి వెళ్ళేసరికి తళతళలాడే కొత్త డ్రమ్స్ పెట్టి ఉన్నాయి. ఒక్కదాని దగ్గరా మైకు లేదు. ప్రతి డ్రమ్ము మీదా గుండ్రంగా కత్తిరించిన స్పాంజి అంటించి ఉంది. సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేల అడుగున కూడా టేపు చుట్టేశారు.

"మైకులు పెట్టలేదేం?" అని సౌండు ఆయన్ని అడిగాను.

"ట్రాకేనండి అమ్మా. అంతా పెన్‌డ్రైవులో ఉందండి. తమరు ఊరికే అలా అలా అంటే చాలండి."

"అలా అలా అంటే?"

ఆయన గాలిలో చేతులు ఊపి చూపించాడు. తెర వెనక కుర్చీలో కూర్చుని వేడినీళ్ళు తాగుతున్న గాయకుడి దగ్గరకి నేరుగా వెళ్ళాను. పక్కనే వాళ్ళబ్బాయి ఉన్నాడు.

"లైవ్ డ్రమ్స్ పెడితే ట్రాకుతో కలవదు ఆంటీ" అన్నాడతను చాలా మర్యాదగా. "డాడీ వోకల్స్ కూడా ట్రాకే."

నేను ఆయన వైపు చూశాను. ఆయన గ్లాసులోకి చూశారు.

"గొంతు ఇదివరకట్లా లేదు చెల్లెమ్మా. పై స్థాయికి వెళ్తే జీర వచ్చేస్తోంది. ఇంతమందిలో పరువు పోతుంది."

ఆయన భయం నాకు కనిపించింది. ఒక్క క్షణం జాలి కూడా వేసింది. కానీ ఆ జాలి నా కోపాన్ని కొంచెం కూడా తగ్గించలేదు.

"మీ గొంతుకి ట్రాకు పెట్టుకోండి. నా చేతులకేమైంది? నన్ను బొమ్మలా కూర్చోబెట్టే బదులు నిజంగానే ఒక బొమ్మని తెచ్చుకోవచ్చు కదండీ!"

అన్నయ్య వచ్చి మా మధ్య నిలబడ్డాడు. "ఇప్పుడు గొడవెందుకే? ఈ ఒక్కసారికీ సర్దుకో. ముందు వరసలో అందరూ వచ్చేశారు."

వాళ్ళ మధ్య మావారు, మా అమ్మాయి కూడా ఉన్నారు. వెళ్ళిపోతే రేపు, "ఆవిడకి వయసైపోయింది, వాయించలేక వెళ్ళిపోయింది" అంటారు. వెళ్ళి కూర్చున్నాను.

మొదటి రెండు పాటలకి పుల్లలు స్పాంజి మీద ఆడించాను. నా చేతుల కింద శబ్దం లేదు, నా వెనక బాక్సుల్లోంచి దెబ్బలు ఉరుముతున్నాయి. మూడోది వరద పాట. కావాలనే రెండో దెబ్బ దగ్గర చెయ్యి ఆపేశాను. దెబ్బ పడింది. నేను ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, మూడు దెబ్బలూ పడ్డాయి, మధ్యలో ఆగనే లేదు. ఒక్కరికీ తేడా తెలియలేదు.

నేను లేచాను. పుల్లలు స్టూలు మీద పెట్టి, డ్రమ్స్ ముందుకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి. వాటి వెనక ఎవరూ లేరు.

ముందు వరసలో ఎవరో నవ్వారు. తర్వాత గుసగుసలు వెనక్కి పాకాయి. అప్పుడు బేసు ఆయన, ఇన్నేళ్ళలో స్టేజీ మీద పెదవి విప్పని ఆ మనిషి, గిటారు పట్టీ భుజం మీంచి తీసి, గిటారు జాగ్రత్తగా కింద పెట్టి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. బేసు కూడా మోగుతూనే ఉంది. అన్నయ్య తల వంచుకుని వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. ఏం జరుగుతోందో చూడడానికి గాయకుడు వెనక్కి తిరిగారు. మైకు నోటికి దూరమైంది. పాట ఆగలేదు.

"ఏవండోయ్, పాడేదెవరండీ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మైదానమంతా గొల్లున నవ్వింది. వాళ్ళబ్బాయి పరుగున వెళ్ళి ట్రాకు ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో స్పాంజి ముక్కలు పీకి పారేసి కూర్చుని వాయించాను. ముసలామె వరస. మైకు లేదు కాబట్టి ముందు నాలుగైదు వరసలకి మాత్రమే వినబడి ఉంటుంది. కొందరు చప్పట్లు కొట్టారు. చాలామంది అప్పటికే భోజనాల వైపు నడుస్తున్నారు. జనమంతా లేచి నిలబడి నన్ను మెచ్చుకోవడం లాంటివేమీ జరగలేదు. భోజనాల దగ్గర నాతో చదువుకున్నావిడే, "ముచ్చటగా జరుగుతున్నదాన్ని అంతమందిలో అలా చెయ్యాలా? ఆయన ముఖం చూడలేకపోయాం" అంది. నా ముఖం ఎవరు చూశారని అడిగి, తినకుండా వచ్చేశాను.

అన్నయ్య చాలాకాలం నాతో మాట్లాడలేదు. గాయకుడు ఇప్పటికీ మాట్లాడడం లేదు. ఆ పాటలు అలాగే ఉన్నాయి. డ్రమ్స్ నావి కావని అయినా చెప్పండని వాటిని ఇంటర్నెట్లో పెట్టిన కంపెనీకి ఎన్నిసార్లు రాసినా, 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అనే జవాబే వస్తోంది. మొన్న చర్చిలో ఒక కుర్రాడు ఎంతో ప్రేమగా వచ్చి, "మీ పాటలు విన్నానండీ ఆంటీ, డ్రమ్స్ అదిరిపోయాయండి!" అన్నాడు. వాడిని ఏమనగలను? "అది నేను కాదు నాన్నా" అన్నాను. వాడు అణకువ అనుకున్నాడు.

ఈ ఏడాది ఎండలు ముదిరాక ఒక ఆదివారం బేసు ఆయన గిటారుతో మా గుమ్మంలో నిలబడ్డాడు. రాజోలు దగ్గర వాళ్ళకొక కొబ్బరికాయల కొట్టు ఉంది. కాయలన్నీ ఎగుమతై ఖాళీగా ఉందట.

"అక్కడ రికార్డు చేద్దావండి. మైకులు నేను తెప్పించేను" అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఎవరు పాడతారండీ?"

"ముందు మనం వాయిద్దావండి."

మేమిద్దరం రెండు ఆదివారాలు వాయించాక మూడో ఆదివారం అన్నయ్య వచ్చాడు. క్షమించమని అనలేదు. "శ్రుతి చేసి తెచ్చాను" అని గిటారు తీశాడు. అప్పుడే తిట్టాను వాడిని. క్యాసెట్టు అట్ట దగ్గర నుంచి స్పాంజి ముక్కల దాకా, తాత డప్పు, నాన్న మౌనం, వాడు వదిలెయ్ అన్న ప్రతిసారీ, అన్నీ. కొబ్బరి పీచు వాసనలో వాడు గిటారు పట్టుకుని నిలబడి అంతా విన్నాడు. బేసు ఆయన బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. నేను ఆయాసంతో ఆగాక అన్నయ్య అన్నాడు, "ఆ రోజు నేనూ గిటారు కింద పెట్టాల్సింది."

"పెట్టాల్సిందే" అన్నాను.

వరద పాట అన్నయ్యే పాడాడు. వాడి గొంతు బాగోదు, పై స్థాయిలో పగిలింది. అలాగే ఉంచాం. మా ముగ్గురి పేర్లు, డ్రమ్స్ అని రాసి ఎదురుగా నా పేరు పెట్టి ఇంటర్నెట్లో పెట్టింది మా అమ్మాయి. విన్నవాళ్ళు కొద్దిమందే. రేకుల మీద కాకి అరుపు కూడా అందులో పడిందని ఒకరు రాశారు.

పోయిన ఆదివారం ఇంకో పాట పట్టుకున్నాం. మొదటిసారి వాయించాక అన్నయ్య చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, "ఇంకా కోపంగానే ఉన్నావా?" అన్నాడు.

"ఆయ్, ఉన్నాను."

"ఇందులో వినబడలేదు. మెత్తగా వాయించావు."

నిజమే. బేసు ఆయన వీధి తలుపు మూసొచ్చాడు. చెమట తుడుచుకుని, స్టూలు దగ్గరకి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టాను.